ఈనో తాగితే తగ్గిన నొప్పి గ్యాస్ నొప్పేనా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. మీ నాన్నగారికి 58 ఏళ్ళు. పదేళ్ళుగా షుగర్ ఉంది, బీపీ మాత్ర కూడా వాడుతున్నారు. మూడు వారాలుగా, మధ్యాహ్నం భోజనం చేసి మేడ మీద గదికి వెళ్తుంటే ఛాతీ మధ్యలో మంటగా, పట్టేసినట్టుగా ఉంటోంది. పైకి వెళ్ళి కూర్చుని ఈనో తాగితే ఐదు నిమిషాల్లో తగ్గుతోంది. ప్యాన్ 40 రోజూ వేసుకుంటున్నారు. పది రోజుల కింద ఈసీజీ తీయిస్తే నార్మల్ అన్నారు. ఇది గ్యాసా, గుండె నొప్పా, ఇంట్లోనే తేల్చుకునే దారేమైనా ఉందా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మీరు రాసిన తీరు చూస్తే ఇది గుండె నుంచి వస్తున్న నొప్పే అనుకుని నడుచుకోవాలి. కాదని పరీక్షల్లో తేలితే అందరికీ సంతోషమే. ఈ రోజే, ఈసీజీతో పాటు ట్రోపోనిన్ అనే రక్త పరీక్ష చేసే, గుండె డాక్టరు అందుబాటులో ఉండే ఆసుపత్రికి ఆయన్ని తీసుకెళ్ళండి. సోమవారం ఓపీలో చూపిద్దాంలే అనుకోవద్దు. గ్యాసో గుండో ఇంట్లో తేల్చుకునే దారి లేదు. ఎంత తొందరగా ఆసుపత్రికి వెళ్ళాలో తేల్చుకునే దారి మాత్రం ఉంది. దాని కోసమే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను ఫిజీషియన్‌ని. ఇరవై నాలుగేళ్ళ సర్వీసులో ఎక్కువ భాగం గోదావరి జిల్లాల్లో, ప్రభుత్వ ఆసుపత్రుల క్యాజువాలిటీల్లోనే గడిచింది. రాత్రి పదకొండు దాటాక గుమ్మం దగ్గర ఎక్కువగా వినపడే మాట ఒకటుంది: "గ్యాస్ పట్టేసిందండి, ఓ ఇంజెక్షన్ చేస్తే వెళ్ళిపోతాం." ఆ మాటతో వచ్చిన వాళ్ళలో చాలా మందికి నిజంగా గ్యాసే. కొంతమందికి కాదు. ఇద్దరూ ఒకే బల్ల మీద, ఒకేలా గుండె మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటారు.

మీ నాన్నగారి విషయంలో నన్ను ఆపింది మంట కాదు, మెట్లు.

గుండె కండరానికి రక్తం తీసుకెళ్ళే నాళం కొవ్వు పేరుకుని సన్నబడితే, కూర్చున్నప్పుడు ఆ కాస్త రక్తమూ సరిపోతుంది. మెట్లెక్కుతుంటే గుండె ఎక్కువ పని చెయ్యాలి, ఎక్కువ రక్తం కావాలి, సన్నబడిన గొట్టం గుండా అంత రాదు. అప్పుడు కండరం నొప్పి రూపంలో చెప్తుంది. కూర్చోగానే గిరాకీ తగ్గుతుంది, రెండు మూడు నిమిషాల్లో, మహా అయితే పది నిమిషాల్లో నొప్పి దిగిపోతుంది. దీన్నే యాంజైనా అంటాం. కడుపు నిండా తిన్నాక ఇది ఇంకా తొందరగా వస్తుంది, ఎందుకంటే అరుగుదల కోసం పేగులకి కూడా ఎక్కువ రక్తం పంపాలి, ఆ భారమూ గుండె మీదే పడుతుంది. 1768లో లండన్‌లో విలియం హెబర్డెన్ అనే వైద్యుడు ఈ జబ్బుని మొదటిసారి వివరంగా వర్ణించినప్పుడే ఈ సంగతి పట్టుకున్నాడు: నడుస్తుండగా, ముఖ్యంగా ఎత్తు ఎక్కుతుండగా, భోజనమైన కాసేపటికి వస్తుంది, నిలబడిపోగానే పోతుంది అని. అప్పటికి ఈసీజీ లేదు, స్టెతస్కోపు కూడా లేదు. రోగి చెప్పింది ఓపిగ్గా విన్నాడు, అంతే. అందుకే "అన్నం తిన్నాకే వస్తోంది కాబట్టి గ్యాసే" అన్న లెక్క తప్పు.

ఇప్పుడు ఈనో సంగతి. ఆయన పైకి వెళ్తారు, నొప్పి వస్తుంది, కుర్చీలో కూర్చుంటారు, మీ అమ్మగారు గ్లాసులో నీళ్ళు తెచ్చి ఈనో కలుపుతారు, పొంగు తగ్గేలోపు తాగుతారు, ఓ త్రేన్పు వస్తుంది, నొప్పి పోతుంది. తగ్గించింది ఎవరు? ఈనోనా, కుర్చీనా? ఆ ఐదు నిమిషాల్లో రెండూ ఒకేసారి జరిగాయి. పేరు మాత్రం ఈనోకి వెళ్ళింది. నేను చూసిన యాంజైనా రోగుల్లో చాలా మంది నెలల తరబడి ఇలాగే ఈనోకి, జెలూసిల్‌కి, జీలకర్ర నీళ్ళకి పేరిచ్చిన వాళ్ళే. ఇంకో మాట: ప్యాన్ 40 లాంటి మాత్ర ఐదు నిమిషాల్లో పని చెయ్యదు. అది కడుపులో ఆమ్లం తయారవ్వడాన్ని తగ్గిస్తుంది, పూర్తి ప్రభావం రావడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. "ప్యాన్ వేసుకోగానే తగ్గిందండీ" అని ఎవరైనా అంటే, ఆ తగ్గుదల ఆ మాత్రది కాదని నాకు అర్థమవుతుంది. మూడు వారాలుగా రోజూ వేసుకుంటున్నా మెట్ల దగ్గర నొప్పి ఆగలేదంటే, అది కూడా ఒక సమాచారమే.

అసలు ఈ గందరగోళం ఎందుకంటే, గుండెకీ అన్నవాహికకీ నొప్పి మోసుకెళ్ళే నరాలు వెన్నుపాములో దాదాపు ఒకేచోటికి చేరతాయి. ఫోను మోగుతుంది గానీ ఎవరు చేశారో నంబరు పడదు. మెదడు "ఎదురొమ్ము వెనకాల ఏదో జరుగుతోంది" అని మాత్రమే చెప్పగలదు. దానికి తోడు మన భాష కూడా ఉంది. ఆమ్లం పైకి ఎగదన్నడాన్ని మనం "గుండెల్లో మంట" అనే అంటాం, అది గుండెకి సంబంధించినది కాకపోయినా. నిజంగా గుండె నొప్పి వచ్చినప్పుడేమో "గ్యాస్ పట్టేసింది" అంటాం. అందుకే పేషెంటు ఏ పేరు పెట్టినా నేను పట్టించుకోను.

"నొప్పి ఎక్కడ?" అన్న ప్రశ్న కంటే "అప్పుడు మీరేం చేస్తున్నారు?" అన్న ప్రశ్న నాకు ఎక్కువ పనికొస్తుంది. నడుస్తుంటే, నీళ్ళ బిందె ఎత్తుతుంటే, బండి కిక్కు కొడుతుంటే, కోపంలో గట్టిగా అరుస్తుంటే వచ్చి, ఆగగానే తగ్గితే గుండె. పడుకున్నాక, చెప్పు తొడుక్కోవడానికి వంగినప్పుడు, నోట్లోకి పుల్లటి నీళ్ళు వస్తూ మొదలై, లేచి కూర్చుంటే సర్దుకుంటే ఆమ్లం ఎగదన్నడం. ఇవి రెండూ పక్కా సూత్రాలు కావు. హార్ట్ ఎటాక్ నిద్రలో కూడా వస్తుంది, ఉదయం పూట ఎక్కువగా వస్తుంది. కానీ నెల రోజుల చరిత్ర అడిగితే ఒక పద్ధతి కనపడుతుంది.

తర్వాత చేతిని చూస్తాను. "ఎలా ఉందో చూపించండి" అంటే, కొంతమంది బొడ్డు పైనుంచి గొంతు దాకా అరచేతిని పైకి లాగి చూపిస్తారు. మంట కింద నుంచి పైకి పాకుతోందని అర్థం, అది ఎక్కువగా ఆమ్లమే. కొంతమంది ఒక్క వేలితో ఒకేచోట పొడిచి "ఇక్కడ, సరిగ్గా ఇక్కడ" అంటారు. అక్కడ నేను నొక్కితే కుయ్యోమంటారు. అది ఎక్కువగా పక్కటెముకల దగ్గరి కండరం నొప్పి. కొంతమంది మాట్లాడకుండా పిడికిలి బిగించి ఎదురొమ్ము మీద పెడతారు. ఆ పిడికిలి చూస్తే నేను కుర్చీలోంచి లేస్తాను. "బండ పెట్టినట్టుందండి", "పట్టేసి పిండేస్తున్నట్టుందండి", "ఎవరో కూర్చున్నట్టుందండి" అంటారు. ఆ బరువు ఎడమ రెక్కలోకో, రెండు రెక్కల్లోకో, దవడలోకో, వీపులోకో పాకుతుంది. కారణం తెలియని చల్లటి చెమట పడుతుంది.

చెమట గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గుండెల్లో మంటతో ఎవరికీ చొక్కా తడిసిపోదు. పన్నెండేళ్ళ కింద, జనవరి నెలలో, తెల్లవారుజామున ఒక కిరాణా షాపు ఆయన్ని తీసుకొచ్చారు. 46 ఏళ్ళు. పై కడుపులో నొప్పి, రెండుసార్లు వాంతి, ఆగకుండా ఎక్కిళ్ళు. ముందు రోజు పెళ్ళిలో భోజనం చేశారు. గోళీసోడా తాగించారు, వాము నమిలించారు, ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు గ్యాస్ ఇంజెక్షన్ చేశారు. ఛాతీలో నొప్పి ఉందా అంటే లేదు. చెయ్యి లాగుతోందా అంటే లేదు. "డాక్టరమ్మ గారూ, ఈయనకి ఎప్పుడూ గ్యాసేనమ్మా" అంటూ ఆయన భార్య చీర చెంగుతో నుదురు తుడుస్తోంది. తుడిచిన చోట మళ్ళీ ముత్యాల్లా చెమట. బయట మంచు కురుస్తోంది, మేమందరం స్వెట్టర్లు వేసుకున్నాం, ఆయన బనీను పిండితే నీళ్ళొచ్చేలా ఉంది. కడుపు నొక్కితే మెత్తగా ఉంది, నొక్కినందుకు నొప్పి పెరగలేదు. నాడి నిమిషానికి 48.

మొదటి ఈసీజీలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఇరవై నిమిషాలాగి మళ్ళీ తీయించాను. ఈసారి రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో గీత పైకి లేచింది. గుండె అడుగు భాగానికి వచ్చే హార్ట్ ఎటాక్ అది. ఆ భాగం సరిగ్గా కడుపు మీద, మధ్యలో ఉండే డయాఫ్రమ్ పొరని ఆనుకుని ఉంటుంది. అందుకే పై కడుపు నొప్పి, వాంతులు, ఎక్కిళ్ళు. గడ్డ కరిగించే మందు స్ట్రెప్టోకైనేజ్ 15 లక్షల యూనిట్లు గంటలో ఎక్కించాం. సగం సీసా అయ్యేసరికి ఆయన "ఇప్పుడు తేలిగ్గా ఉందమ్మా" అన్నారు. ఈసీజీ గీత కిందికి దిగడం మొదలైంది. ఆయన ఇప్పటికీ షాపులో కూర్చుంటున్నారు.

అందరి కథా అలా ముగియదు. నా మొదటి ఏడాది ఉద్యోగంలో జరిగింది చెప్తాను, ఇన్నేళ్ళయినా నన్ను వదల్లేదు. యాభై దాటిన ఒకాయన రాత్రి తొమ్మిదింటికి ఛాతీలో మంట అంటూ వచ్చారు. మిరపకాయ బజ్జీలు తిన్నానని ఆయనే చెప్పారు. నేను రాంటాక్ ఇంజెక్షన్ చేయించి, జెలూసిల్ తాగించాను. పది నిమిషాల్లో "తగ్గిందండీ" అన్నారు. ఆ రోజు ఈసీజీ మిషన్ వార్డులో ఉంది, తెప్పించాలంటే అరగంట. తగ్గింది కదా అని పంపించేశాను. తెల్లవారుజామున నాలుగింటికి ఆటోలో తిరిగి తీసుకొచ్చారు. నలభై నిమిషాలు ఛాతీ నొక్కాం. గుండె మళ్ళీ కొట్టుకోలేదు. యాంటాసిడ్‌తో తగ్గిందన్నది గుండె నొప్పి కాదనడానికి రుజువు కాదని పుస్తకంలో చదివే ఉన్నాను. చదవడం వేరు. అప్పటి నుంచి నడుము పైన నొప్పి అంటూ వచ్చిన ముప్పై దాటిన ఎవరినీ ఈసీజీ లేకుండా పంపలేదు. మిషన్ క్యాజువాలిటీలోనే ఉండాలని పట్టుబట్టి అక్కడే పెట్టించాను. ఆసుపత్రికి వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న నియమం. మీరు ఎక్కడికి వెళ్ళినా గట్టిగా అడిగే హక్కు మీకుంది.

రెండో వైపు నుంచి కూడా ఇదే మాట. రక్తనాళాల్ని వదులు చేసే సార్బిట్రేట్ మాత్ర నాలుక కింద పెట్టుకుంటే తగ్గింది కాబట్టి గుండె నొప్పే అనీ అనుకోలేం. అన్నవాహిక కండరాలు బిగుసుకుపోయినప్పుడు వచ్చే నొప్పి కూడా ఆ మాత్రతో వదులుతుంది.

మరి మీ నాన్నగారి ఈసీజీ నార్మల్ వచ్చింది కదా అంటారు. ఈసీజీ ఆ పది సెకన్ల ఫోటో. నొప్పి లేనప్పుడు, పడుకోబెట్టి తీస్తే, నాళం సన్నబడిన వాళ్ళలో కూడా చాలా మందికి నార్మల్‌గానే ఉంటుంది. నొప్పి ఉండగా తీసిన దానికే విలువ ఎక్కువ, అది కూడా ఒక్కసారి కాకుండా మళ్ళీ మళ్ళీ. ట్రోపోనిన్ అనేది గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే పదార్థం. మామూలు పరీక్షలో అది కనపడడానికి మూడు నుంచి ఆరు గంటలు పడుతుంది, అందుకే మొదటిది నెగెటివ్ వచ్చినా కొన్ని గంటలాగి రెండోది చేస్తారు. "రెండుసార్లు రక్తం ఎందుకు తీస్తున్నారు, బిల్లు కోసమా" అని గొడవపడకండి. ఇంకో సంగతి, యాంజైనాలో కండరం ఇంకా దెబ్బతినలేదు కాబట్టి ట్రోపోనిన్ కూడా నార్మల్‌గా ఉండొచ్చు. మూడు వారాలుగా కొత్తగా మొదలైన యాంజైనాని మేం స్థిరమైన జబ్బుగా లెక్కేయం, ఎప్పుడైనా హార్ట్ ఎటాక్‌గా మారే దశగా చూస్తాం. అందుకే ఈ రోజే అన్నాను. ఎకో (గుండె స్కాన్), ట్రెడ్‌మిల్ (నడిపిస్తూ తీసే ఈసీజీ), యాంజియోగ్రామ్ (గుండె నాళాల్ని చూసే పరీక్ష), వీటిలో ఏది ముందు చెయ్యాలో అక్కడి డాక్టరు చూసి చెప్తారు. మీ అంతట మీరు డయాగ్నస్టిక్ సెంటర్‌కి తీసుకెళ్ళి ట్రెడ్‌మిల్ మాత్రం ఎక్కించకండి.

షుగర్ ఉన్న వాళ్ళ గురించి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. ఏళ్ళ తరబడి షుగర్ ఉంటే గుండె నుంచి నొప్పి తెచ్చే నరాలు కూడా మొద్దుబారతాయి. పాదాలకి చీమలు పాకినట్టు ఎలా ఉంటుందో, అదే జబ్బు లోపల కూడా జరుగుతుంది. అసలు నొప్పే లేకుండా ఆయాసం, నీరసం, చెమట, వికారం మాత్రమే రావచ్చు. మీ నాన్నగారికి మంటగా అయినా తెలుస్తోంది, అది అదృష్టమే అనుకోండి.

ఆడవాళ్ళ విషయంలో ఇంకా ఆలస్యం జరుగుతుంది. అరవై రెండేళ్ళ ఒకావిడ, షుగర్ ఉంది, కింది దవడ నొప్పి అంటూ పది రోజులు పన్ను డాక్టర్ దగ్గరికి తిరిగారు. పంటిలో ఏమీ లేదు. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి వచ్చేసరికి ఆయాసం, దవడ లాగడం, కాసేపు గడప మీద కూర్చుంటే తగ్గడం. మా దగ్గరికి తెచ్చింది కూడా ఆవిడ కోసం కాదు, మనవడికి జ్వరమని వచ్చి, మాటల్లో బయటపడింది. మూడు నాళాల్లో బ్లాకులున్నాయి. "ఏం లేదులే, కాస్త నీరసం" అని అమ్మలు చెప్పే మాటని ఇంట్లో వాళ్ళు అలాగే తీసుకోవద్దు. మీ అమ్మగారికి కూడా ఇది వర్తిస్తుంది.

వయసు తక్కువ కదా అన్న ధైర్యం కూడా మనకి పనికిరాదు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్ళకి మొదటి హార్ట్ ఎటాక్ సగటున 53 ఏళ్ళకే వచ్చింది, మిగతా చోట్ల 58 దాటాక. సిగరెట్, షుగర్, బీపీ, పొట్ట చుట్టూ కొవ్వు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే గుండె జబ్బు రావడం. వీటిలో రెండు ఉన్నా నలభైలోపు వాళ్ళని కూడా నేను తేలిగ్గా తీసుకోను.

ఇదంతా చదివి ప్రతి త్రేన్పుకీ భయపడే వాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళ బాధ కూడా నిజమైనదే. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే 29 ఏళ్ళ అబ్బాయి, సెలవులకి వచ్చినప్పుడు వాళ్ళమ్మ నా దగ్గరికి తీసుకొచ్చింది. ఫైల్లో ఏడు ఈసీజీలు, రెండు ఎకోలు, ఒక ట్రెడ్‌మిల్. అన్నీ నార్మల్. అయినా రాత్రి పన్నెండింటికి గుండెల్లో మంట, టెన్షన్, ఫోన్‌లో లక్షణాలు వెతకడం, ఇంకా దడ. నేను అడిగింది ఒక్కటే: రాత్రి భోజనం ఎన్నింటికి? షిఫ్ట్ అయ్యాక పదకొండున్నరకి, ఎక్కువగా బిర్యానీనో ఫ్రైడ్ రైసో, వెంటనే పడక. క్రికెట్ ఆడితే నొప్పి వస్తుందా? రాదు, రెండు గంటలు ఆడినా రాదు. నోట్లోకి పులుపు వస్తుందా? వస్తుంది, పొద్దున గొంతు బొంగురుగా కూడా ఉంటుంది.

అన్నవాహిక, కడుపు కలిసే చోట ఒక కండరపు మూత ఉంటుంది. నిండు కడుపుతో పడుకుంటే, పొట్ట పెరిగితే, సిగరెట్ తాగితే, ఆ మూత వదులై ఆమ్లం పైకి వస్తుంది. ఆ అబ్బాయికి చెప్పినవి: తిండికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉండాలి. మంచం తల వైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఆరు అంగుళాలు లేపాలి. దిండ్లు ఎక్కువ పెడితే నడుము దగ్గర మడత పడి ఇంకా ఎక్కువవుతుంది. ఎడమ వైపు తిరిగి పడుకోవాలి. ప్యాన్ 40 మాత్ర ఉదయం టిఫిన్‌కి అరగంట ముందు, ఆరు వారాలు. మన వాళ్ళు చాలా మంది దాన్ని భోజనమయ్యాక వేసుకుంటారు, అలా వేస్తే సరిగ్గా పని చెయ్యదు. రెండు నెలల తర్వాత ఫోన్ చేసి నిద్ర పడుతోందన్నాడు. ఎనిమిదో ఈసీజీ తీయించుకోలేదు.

గుండె సంగతి తేలిపోయి ఆమ్లమే అని తెలిసినా కొన్ని గుర్తులుంటే ఎండోస్కోపీ చేయించాలి: ముద్ద దిగకపోవడం, బరువు తగ్గిపోవడం, తారులా నల్లటి విరేచనం, రక్తపు వాంతి, రక్తం తగ్గిపోవడం. మోకాళ్ళ నొప్పులకి డైక్లోఫెనాక్ లాంటివి షాపులో కొని వాడే వాళ్ళకి అల్సర్ నొప్పి కూడా ఛాతీ మంటలానే వస్తుంది. పిత్తాశయంలో రాళ్ళ నొప్పి కుడి పక్కటెముకల కింద మొదలై వీపులోకి పోతుంది. ఛాతీ నుంచి వీపులోకి చీల్చేసినట్టు ఒక్కసారిగా వచ్చే నొప్పి పెద్ద రక్తనాళం చీలికది కావచ్చు, అది హార్ట్ ఎటాక్ కంటే కూడా తొందర చెయ్యాల్సిన విషయం.

ఇప్పుడు, మీరు ఆసుపత్రికి బయల్దేరే లోపే నొప్పి వచ్చి పది నిమిషాల్లో తగ్గకపోతే ఏం చెయ్యాలి? 108కి ఫోన్ చెయ్యండి. ఆయన్ని ఉన్నచోటే కూర్చోబెట్టండి, మెట్లు దిగనివ్వకండి, కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోసుకు దించాలి. ఆయన్ని బండి నడపనివ్వకండి. మీ వెనక స్కూటర్ మీద కూడా వద్దు. ఆస్పిరిన్ పడకపోవడం, రక్తం కక్కుకున్న చరిత్ర, ఈ మధ్య పక్షవాతం లాంటివి లేకపోతే, ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాములు నమిలి మింగించాలి. ఎకోస్ప్రిన్ 75 అయితే నాలుగు, 150 అయితే రెండు. మింగడం కాదు, నమలాలి, లేకపోతే పై పూత వల్ల ఆలస్యంగా కరుగుతుంది. నొప్పి వీపులోకి చీల్చినట్టుంటే మాత్రం ఇవ్వకండి. సార్బిట్రేట్ డాక్టరు ముందే రాసిచ్చి ఉంటే తప్ప మీరు పెట్టొద్దు. బీపీ పడిపోయిన వాళ్ళకి, వయాగ్రా లాంటి మాత్రలు వేసుకున్న వాళ్ళకి అది ప్రమాదం. ఊళ్ళో ఎవరైనా నొప్పి ఇంజెక్షన్ చేస్తానంటే ఛాతీ నొప్పి ఉన్నప్పుడు కండకి సూది వద్దని చెప్పండి. తర్వాత గడ్డ కరిగించే మందు ఇస్తే సూది గుచ్చినచోట రక్తం గడ్డ కట్టి వాచిపోతుంది. గట్టిగా దగ్గితే హార్ట్ ఎటాక్ ఆగుతుందని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ తప్పు, దాన్ని నమ్మి ఎవరూ ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోవద్దు.

తొందర ఎందుకంటే, నాళం పూర్తిగా మూసుకుపోయాక గడిచే ప్రతి నిమిషమూ కొంత కండరం చచ్చిపోతుంది, అది మళ్ళీ పుట్టదు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి రెండు మూడు గంటల్లో ఇస్తే వచ్చే లాభం ఆరో గంటకి ఉండదు, పన్నెండు గంటలు దాటితే దాదాపు పనికిరాదు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు దీనికి జిల్లా కేంద్రానికి పరిగెత్తాల్సి వచ్చేది. ఇప్పుడు టెనెక్టెప్లేస్ అనే ఖరీదైన ఇంజెక్షన్ మన ప్రభుత్వ ఏరియా ఆసుపత్రుల్లో చాలాచోట్ల ఉచితంగా ఇస్తున్నారు, ఈసీజీని అక్కడి నుంచే పెద్ద డాక్టరుకి పంపి చూపిస్తున్నారు. స్టెంట్ వేసే ఆసుపత్రి దగ్గర్లో ఉంటే అదే మేలు. రెండు గంటల్లోపు చేరలేమనుకుంటే ముందు దగ్గరి ఆసుపత్రిలో ఈ ఇంజెక్షన్ చేయించుకుని అప్పుడు వెళ్ళడం మంచిది. డబ్బు గురించి ఆలోచించి ఇంట్లో ఆగిపోకండి, ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కింద స్టెంట్ చికిత్స కూడా ఉంది, రేషన్ కార్డు, ఆధార్ జేబులో పెట్టుకోండి.

ఈ రోజు డాక్టర్ దగ్గర కూర్చున్నప్పుడు "గ్యాస్ సమస్యండి" అని మొదలుపెట్టకండి. ఆ మాట వింటే డాక్టర్ ఆలోచన కూడా అటే పోతుంది, నాకు తెలుసు. ఇలా చెప్పండి: "షుగరూ బీపీ ఉన్నాయి. మూడు వారాలుగా మెట్లెక్కితే ఛాతీ మధ్యలో పట్టేస్తోంది, కూర్చుంటే ఐదు నిమిషాల్లో తగ్గుతోంది." రోజుకి ఎన్నిసార్లు వస్తోందో, ముందు ఒక అంతస్తు ఎక్కితే వచ్చేది ఇప్పుడు పది మెట్లకే వస్తోందేమో, రాత్రి పడుకున్నప్పుడు ఎప్పుడైనా వచ్చిందేమో దారిలో ఆయన్ని అడిగి ఉంచుకోండి. పది రోజుల కిందటి ఈసీజీ కాగితం వెంట తీసుకెళ్ళండి, కొత్తదాన్ని దాని పక్కన పెట్టి చూస్తారు. వాడుతున్న మాత్రల పట్టీలు కవరులో వేసుకోండి. ఈ రోజు మధ్యాహ్నం భోజనం కింద గదిలోనే పెట్టండి, ఆసుపత్రి నుంచి తిరిగొచ్చే వరకూ ఆయన మేడ మీదికి ఎక్కొద్దు.